తుప్పు పట్టిన రోటరీ యింజను హౌసింగు: బాగుచేయుటయా, మార్చుటయా?
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



లోహమును కరగించి, సాగగొట్టి, ఆకురాయితో అరగదీసి జీవించిన కుటుంబములవారము మనము. నేడు మనలో పలువురు మోటారు వర్కుషాపులయందును లేతు యంత్రములవద్దను పనిచేయుచున్నారు. కొందరు విదేశములకేగి యచట పాతకార్ల యింజనులను విప్పి కట్టుచున్నారు. హౌసింగునకు తుప్పు పట్టినచో దానిని బాగుచేయవలెనా, మార్చవలెనా యని రోటరీ యింజను పనిచేయు యువకులు మమ్ము ప్రశ్నించియున్నారు. ఒక్కమాటలో బదులు చెప్పజాలము గాని, దేనిని చూచి నిర్ణయింపవలయునో చెప్పగలము.

ఈ యింజనునకు మూలపురుషుడు జర్మనీ దేశీయుడగు ఫెలిక్స్ వాంకెల్. 1957లో ఎన్‌ఎస్‌యూ కంపెనీయందు దీని తొలి నమూనా నడచినది. జపానునందలి హిరోషిమా నగరమున మాజ్దా కార్లను చేయు కంపెనీ 1967లో కాస్మో స్పోర్టు కారునం దీ యింజను నమర్చినది. 1978లో ఆర్‌ఎక్స్-7 వచ్చినది. 2003లో వచ్చిన ఆర్‌ఎక్స్-8 తయారీ 2012లో ఆగిపోయినది. 2023లో మాజ్దావారు రోటరీని మరల తెచ్చిరి గాని, అది విద్యుత్తును పుట్టించుటకే గాని చక్రములను త్రిప్పుటకు గాదు. కావున మన బల్లమీదికి వచ్చునవి చాలవరకు పాత యింజనులే.

ఇందు పిస్టనులు లేవు. నడుము కొంచెము నొక్కుకొనిపోయిన కోలగదిలో మూడు మూలల రోటరు తిరుగును. 13బి యను యింజనునం దీ గదిగోడ, అనగా హౌసింగు, అల్యూమినియముతో పోసినది; వెడల్పు 80 మిల్లీమీటర్లు; లోపలి ముఖమున ఉక్కురేకు, దానిపై గట్టి క్రోము పూత. ఇరుప్రక్కల పోతయినుప పలకలు. వీనినన్నిటిని దొంతరగా పేర్చి పొడవైన బోల్టులతో బిగింతురు. చల్లబరచు నీరు ఆ దొంతర గుండ పారును. అల్యూమినియమును ఇనుమును ఒకదాని నొకటి తాకుచు ఒకే నీటిలో తడిసినప్పుడు అల్యూమినియమే ముందుగా క్షయించును. కూలెంటునందలి రక్షకద్రవ్యము లున్నంతకాలము ఈ క్షయము మందముగ నుండును. ఏండ్లతరబడి దానిని మార్చకున్నను, వట్టి నీరు పోసినను, లోహము తెల్లని పొడిగట్టి గుంటలు పడును. రేడియేటరులో బోరునీరు పోయు మన యలవాటు ఏ యింజనునకును మేలు చేసియుండలేదు!

విప్పగానే నీటిమార్గము చూచుటకు భయంకరముగ నుండును. అంతమాత్రమున హౌసింగును పారవేయుట తొందరపాటు. గుంటలు పైపైనుండి గోడ దృఢముగ నున్నచో శుభ్రపరచి వాడుకొనవచ్చును. అసలు చూడవలసిన చోటు నీటిని ఆపు రబ్బరు వలయము కూర్చుండు స్థానము. 1985 వరకును ఆ వలయపు గాడి అల్యూమినియము హౌసింగులోనే యుండెడిది. 1986 నమూనానుండి దానిని ఇనుప పలకలోనికి మార్చిరి. పాతదానియందు గాడికిని మంటగదికిని నడుమనుండు సన్నని అంచును, క్రొత్తదానియందు వలయ మొత్తుకొను సమతలమును భూతద్దముతో పరీక్షింపవలయును. అచట ఆవగింజంత గుంటయున్నను నీరు గదిలోనికి దిగును. ప్రొద్దుట యింజను కదలింపగానే తెల్లని పొగ, రేడియేటరులో ఆగని బుడగలు దాని గుర్తులు.

ఇక బాగుచేయు విధము. అంచు తినివేయబడినచోట అల్యూమినియము వెల్డింగుచేసి, మిల్లింగు యంత్రముపై గాడిని మరల తీయు నేర్పరులు కలరు. కాని ఆ వేడికి హౌసింగు వంగవచ్చును, క్రోము లేచిపోవచ్చును. కావున పని ముగిసినపిదప నాలుగుచోట్ల మైక్రోమీటరుతో వెడల్పు కొలువవలయును. తేడా 0.06 మిల్లీమీటరు మించెనా, ఆ హౌసింగు పనికిరాదు. ఇనుప పలకపై సమతలపు బద్దనుంచి చూచినప్పుడు వంపు 0.04 మిల్లీమీటరు దాటరాదు. లోహపుపొడి కలిపిన ఎపాక్సీని నీటిమార్గపు వెలుపలివైపు గుంటలకు వాడుటకు మాకభ్యంతరము లేదు. మంటగదివైపు అంచునకు వాడుటను మాత్రము మేము మెచ్చము. అచటి వేడికిని ఒత్తిడికిని అది ఎంతకాలము నిలుచునో చేసినవాడును పూచీపడలేడు. రోటరు మూల రాచుకొనుచోట క్రోము పెచ్చులూడినచో మన చిన్న షాపులలో చేయదగిన చికిత్స లేదు.

"అతుకు కనబడరాదు" అనుట మన పెద్దలు గర్వించిన మాట. ఆ గర్వముచేతనే మనవారు కొందరు చేయరాని పనికి పూనుకొందురు. ఇతరుని సొమ్ముతో మన నేర్పును పరీక్షించుకొనుట న్యాయము గాదు. అట్లని మార్చుట సులభమనియు తలపరాదు. క్రొత్త హౌసింగు వెల మిక్కుటము. పాతది కొందమన్న, అదియు మనదానితో సమానవయస్సు గలదే, అదే నీటిలో నానినదే. గాడిని చూపక, కొలతలు చెప్పక అమ్మువాని వద్ద కొన్నది మార్పు గాదు, ఒక తుప్పునకు మరియొక తుప్పు. అట్టి బేరముకంటె చక్కగా కొలిచి బాగుచేసిన మన హౌసింగే మేలని మా యభిప్రాయము.

విప్పకముందే యజమానికి రెండు ఖర్చులును చెప్పుడు. విప్పినపిదప కొలతలను కాగితముపై వ్రాసి ఆయనకు చూపుడు. యింజను కట్టిన తరువాత కారులో నెక్కింపకముందే నీటిద్వారములు మూసి గాలి నింపి, ఒత్తిడి తగ్గునేమో కనిపెట్టుడు. మార్చివేసిన పాత హౌసింగును ఆయన యడుగకున్నను తిరిగి యిచ్చివేయుడు.