మిరపతోటలో కార్మికుని భాష
(దోర్నపాల్ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సోదర రైల్వే, తపాలా ఉద్యోగులారా,

ప్రపంచీకరణ అనగానే మనలో చాలామందికి బొంబాయి, బెంగుళూరులలోని పెద్ద కార్యాలయాలు స్ఫురిస్తాయి. రైలుపట్టా లేని ఈ దోర్నపాల్‌కు దానితో ఏమి సంబంధమని అడుగవచ్చు. బస్తరుకు ఆ సంబంధం పాతదే. 1960లో జపాన్ ఉక్కు కర్మాగారాలతో కుదిరిన ఒప్పందం మూలంగానే బైలదిల్లా గనులు తెరుచుకొన్నవి, కొత్తవలస - కిరండూల్ రైలుమార్గం పడినది. కొనుగోళ్లు తగ్గి, గనులలో యంత్రాలు పెరిగినప్పుడు చేతులతో ఖనిజం తవ్విన కాంట్రాక్టు కార్మికులను తొలగించారు. 1978 ఏప్రిల్‌లో కిరండూల్‌లో పోలీసులు వారిపై కాల్పులు జరిపారు. తరువాతి కాలంలో కిరండూల్ నుండి విశాఖపట్నానికి 267 కిలోమీటర్ల గొట్టపుమార్గం వచ్చినది. ఖనిజాన్ని నీటితో కలిపి, మన బండ్లతో పని లేకుండానే పంపుతున్నారు. 2019లో అది ఆర్సెలర్‌మిత్తల్, నిప్పన్ స్టీల్ సంస్థల ఉమ్మడి యాజమాన్యంలోకి పోయినది. మరల జపానే!

అయితే నేను ముఖ్యంగా చెప్పదలచినది మిరపతోటను గురించి.

సుక్మా, బీజాపూర్ జిల్లాల ఆదివాసులు ఏటా మిరపకోతకు ఖమ్మం, భద్రాద్రి, ములుగు ప్రాంతాలకు పోతారు. 2005లో సాల్వాజుడుం మొదలైన పిదప వేలాది కుటుంబాలు ఊళ్లు విడిచినవి. కొందరు ఈ దోర్నపాల్ శిబిరంలో తలదాచుకొన్నారు, కొందరు సరిహద్దు దాటి ఆవలి అడవులలోనే గుడిసెలు వేసుకొన్నారు. వారు కోసే తేజ రకం మిరప చైనాకు, ఆగ్నేయాసియా దేశాలకు ఎగుమతి అవుతున్నది. అక్కడ గిరాకీ తగ్గితే ఇక్కడ రైతుకు ధర పడిపోతుంది, రైతు ఆ నష్టాన్ని కూలిలో సరిపెట్టుకోజూస్తాడు. కూలీది కోయ భాష, రైతుది తెలుగు. నడుమ ముఠామేస్త్రీ. తూకం, బయానా, తగ్గింపులు అన్నీ అతని నోటిమాటే. దోర్లిలో తెలుగు మాటలు చాలానే ఉన్నవి గాని, సంతలో బేరమాడగలిగినంత మాత్రాన లెక్కచీటీ చదువగలిగినట్లు కాదు.

భిన్న సంస్కృతుల శ్రామికులను కలుపుకొనిపోవటమెట్లా అని యాజమాన్య శాస్త్రజ్ఞులు గ్రంథాలు వ్రాస్తున్నారు. మంచిదే. ఆ విద్య అధికారుల శిక్షణ తరగతి దాటి కాంట్రాక్టరు తెచ్చిన కూలీ దాకా రావటం అరుదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురు ఉన్న చోట వర్తించేది. దానిని తనలో కలుపుకొన్న 2020 నాటి స్మృతి పదిమంది ఉండాలన్నది.

మనకెందుకని అనకండి. పట్టాల మరమ్మతుకు, పెట్టెల శుభ్రతకు కాంట్రాక్టరు తెచ్చేది కూడా ఇటువంటి పరాయి భాషల కూలీలనే. బండి వస్తున్నదన్న హెచ్చరిక వారికి అర్థమయ్యే మాటలలో ఇస్తున్నారా? ప్రతి శాఖ తన సెక్షనులో విచారించి వ్రాయవలెను. తపాలా సోదరులలో కోయ, దోర్లి తెలిసినవారు ఉన్నారు. కూలీలు బయలుదేరకముందే వారు ఊరిలో కూర్చుని, కూలి రేటు, పని దినాలు, తీసుకొన్న బయానా ఒక కాగితంపై వ్రాసి, కూలీకి అతని భాషలోనే చదివి వినిపించవచ్చు. ఒక ప్రతి కూలీ చేతిలో, ఒకటి మన శాఖలో ఉండాలి. ఈ పని రానున్న మిరపకోతకే ఆరంభించవలెనని ప్రతిపాదిస్తున్నాను.