చీమ ఆమ్లం నుంచి విద్యుత్తు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి నాకు ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నేను ఒక సైన్సు విషయం విన్నవిస్తాను. గుమాస్తాగా రిటైరైనవాడిని, శాస్త్రవేత్తను కాను. కనుక మన ఆఫీసు భాషలోనే చెబుతాను.

మామిడిచెట్టు మీద ఆకులు కలిపి గూడుకట్టే ఎర్రచీమ కుడితే మంట పుడుతుంది. అందుకు కారణం ఫార్మిక్ ఆమ్లం. లాటిన్ భాషలో ఫార్మికా అంటే చీమ. 1671 ప్రాంతంలో ఇంగ్లండులో జాన్ రే అనే ఆయన చీమలనుంచే దీన్ని రాబట్టాడు. ఇప్పుడు కర్మాగారాల్లో తయారుచేస్తున్నారు.

ఈ ఆమ్లం మామూలు వేడిలో ద్రవం. హైడ్రోజన్‌కు మాదిరి అధిక పీడనపు సిలిండర్లు అక్కరలేదు. ఇంధన ఘటంలో ఇది ఆక్సీకరణం చెందినప్పుడు ఒక్కొక్క అణువు రెండు ఎలక్ట్రాన్లను ఇచ్చి కార్బన్ డయాక్సైడుగా మారుతుంది. ఆ ఎలక్ట్రాన్ల ప్రవాహమే విద్యుత్తు. అయితే ఈ పని దానంతటది చురుగ్గా సాగదు. ఉత్ప్రేరకం కావాలి. అంటే ఫైలును కదిలించి, తాను మాత్రం సీటులోనే ఉండి, తరువాతి ఫైలు అందుకునే గుమాస్తా అన్నమాట.

ప్లాటినం అలాంటిదే. కాని దాని దగ్గర ఫైలుకు రెండు దారులున్నాయని 1973లో కేపన్, పార్సన్స్ అనే శాస్త్రజ్ఞులు వివరించారు. ఒకటి సూటిదారి. రెండవ దారిలో ఆమ్లం నీటిని కోల్పోయి కార్బన్ మోనాక్సైడు అవుతుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే ప్రాణం తీసే వాయువు ఇదే. అది ప్లాటినాన్ని అంటిపెట్టుకుని ఒక పట్టాన వదలదు. కొర్రీ పడిన ఫైళ్లు బల్లనిండా పేరుకుంటే కొత్త తపాలు ఎక్కడ పెడతాం?

దీనికి కొన్ని ఉపాయాలు కనిపెట్టారు. కార్బన్ మోనాక్సైడు పుట్టాలంటే ప్లాటినం పరమాణువులు కొన్ని పక్కపక్కనే ఉండాలి. మధ్యమధ్య బిస్మత్ పరమాణువులను కూర్చోబెడితే ఆ గుంపు చెదిరి, సూటిదారి బలపడుతుంది. ప్లాటినానికి బదులు పల్లాడియం వాడితే పని ఎక్కువగా సూటిదారినే నడుస్తుంది. కాని కొన్ని గంటల్లో దాని చురుకు తగ్గిపోతుంది.

ఇవి ఖరీదైన లోహాలు. రసాయన క్రియ జరిగేది పైభాగం మీదనే కనుక లోపలి లోహం దండగ. అందుకే బంగారం మీద కొద్ది పరమాణువుల మందాన పలుచటి పొర పూస్తారు, లేదా నానో కణాలు చేస్తారు. ఒక సెంటీమీటరు ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల ఘనాలుగా చేస్తే 600 చదరపు మీటర్లవుతుంది! అయితే వాడుతున్నకొద్దీ ఆ కణాలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి, కొన్ని కరిగిపోతాయి. అదొక కొత్త చిక్కు.

మా మనవరాలు నాలుగేళ్లుగా ఈ పరిశోధనలోనే ఉంది. "ఇంకా ఎన్నాళ్లమ్మా?" అని బంధువులు అడుగుతుంటారు. బల్లమీద కొర్రీ పడని గుమాస్తాను తయారుచేయడం ఎంత కష్టమో మనకు తెలియనిదా? మన ఇళ్లలో ఇలాంటి చదువులు చదివే పిల్లలుంటే, "ఎప్పుడు పూర్తవుతుంది" అని అడిగేముందు "ఏం చేస్తున్నావు" అని అడగండి. కూర్చుని వినండి. మనకు తీరిక ఉంది కదా!