హార్డ్ డిస్క్ ఏ కంపెనీది కొనాలి?

ఈ ఎపిసోడ్‌లో మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న తీసుకుంటున్నాను. "ఇంట్లో కంప్యూటర్‌కి హార్డ్ డిస్క్ మార్చాలి, సీగేట్ మంచిదా, డబ్ల్యూడీ మంచిదా?" అని. ఒకాయన అయితే, "నాన్నగారి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయండీ, ఈసారి చెడిపోని కంపెనీ చెప్పండి" అని రాశారు. చెడిపోని కంపెనీ అంటూ ఏదీ లేదండీ. ముందు అది చెప్పేస్తే మిగతాది మాట్లాడుకోవడం తేలిక.

ఒకప్పుడు మాక్స్‌టర్, శామ్‌సంగ్, హిటాచీ, ఫుజిత్సు అని చాలా పేర్లు ఉండేవి. ఇప్పుడు హార్డ్ డిస్కులు తయారుచేసేవాళ్లు ప్రపంచం మొత్తం మీద ముగ్గురే: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. మిగతావన్నీ ఈ ముగ్గురిలో కలిసిపోయాయి. బయట వేరే పేరుతో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కనిపించినా, పెట్టె విప్పితే లోపల ఉండేది వీళ్లదే.

ఇక మంచి కంపెనీ, చెడ్డ కంపెనీ సంగతి. 2000 ప్రాంతంలో ఐబీఎం వాళ్ల డెస్క్‌స్టార్ 75 జీఎక్స్‌పీ అనే డ్రైవ్ ఎంతగా చెడిపోయిందంటే, జనం దానికి 'డెత్‌స్టార్' అని పేరు పెట్టారు. కోర్టు దాకా వెళ్లింది వ్యవహారం. తర్వాత ఆ విభాగాన్ని హిటాచీ కొనుక్కుంది. తమాషా ఏమిటంటే, పదేళ్లు తిరిగేసరికి అదే వంశంలో వచ్చిన హిటాచీ డ్రైవులు అతి తక్కువగా చెడిపోయేవిగా పేరు తెచ్చుకున్నాయి!

ఈ లెక్కలు ఎక్కడివి అంటే, అమెరికాలో బ్యాక్‌బ్లేజ్ అనే ఆన్‌లైన్ బ్యాకప్ సంస్థ ఉంది. లక్షల డ్రైవులు వాడుతుంది. 2013 నుంచి ఏ మోడల్ ఎంత శాతం చెడిపోయిందో బయట పెడుతోంది. 2024లో అన్నీ కలిపి చూస్తే 1.57 శాతం. అంటే వందలో ఒకటి, రెండు. వాళ్ల దగ్గరే సీగేట్ 3 టీబీ మోడల్ ఒకటి, 2012లో వేసినవి, 2015 వచ్చేసరికి చాలా భాగం పోయాయి. అదే సీగేట్ 4 టీబీ మోడల్ మాత్రం ఎంతో నయం. చూశారా, చూడాల్సింది మోడల్‌ని. పైన ఉన్న పేరుని కాదు. ఇంకో మాట, వాళ్లవి ఏసీ గదిలో ఇరవై నాలుగు గంటలూ తిరిగే డ్రైవులు. మన ఇంట్లో కరెంటు పోతుంది, వస్తుంది, పిల్లలు బల్లను తన్నుతారు. కాబట్టి ఆ అంకెలు మనకి యథాతథంగా వర్తించవు.

మరి కొనేటప్పుడు ఏం చూడాలి? నా దృష్టిలో ముఖ్యమైనది సీఎంఆరా, ఎస్ఎంఆరా అన్నది. ఎస్ఎంఆర్‌లో డేటా ట్రాకులు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కవి కూడా కదపాలి కదా, అలాగే ఇక్కడా పక్క ట్రాకులు మళ్లీ రాయాలి. ఫొటోలు దాచిపెట్టుకోవడానికైతే ఫరవాలేదు. విండోస్ వేసుకుని రోజూ పని చేయడానికి విసుగు పుట్టిస్తుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ డ్రైవుల్లో కొన్నింటిలో చెప్పకుండా ఇది వాడిందని బయటపడి పెద్ద గొడవైంది. ఇప్పుడు కంపెనీల వెబ్‌సైట్లలో మోడల్ నంబర్ కొడితే ఏదో తెలుస్తుంది. అసలు విండోస్‌కి ఎస్ఎస్‌డీ వేసుకుని, హార్డ్ డిస్క్‌ని ఫైళ్లకి వదిలేయడమే మంచిదని నేనంటాను.

తర్వాత వారంటీ. సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, డ్రైవ్ మీద సీరియల్ నంబర్‌ని కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి. కంప్యూటర్ కంపెనీలకి టోకున ఇచ్చిన డ్రైవ్ అయితే మీకు వారంటీ లేదని అక్కడే చెప్పేస్తుంది. బాగా చవగ్గా వచ్చిందంటే తప్పకుండా చూడాలి. వారంటీలో డ్రైవ్ మారుస్తారు, అది కూడా చాలాసార్లు బాగుచేసిన డ్రైవే ఇస్తారు. లోపలి ఫొటోలు మాత్రం ఇవ్వరు.

అందుకే, ఉన్న డబ్బుతో ఖరీదైన డ్రైవ్ ఒకటి కొనే బదులు మామూలువి రెండు కొనండి, వీలైతే వేర్వేరు మోడళ్లు. ఒకటి కంప్యూటర్‌లో, రెండోది కాపీ చేసి బీరువాలో. ఇంకా మంచిది, అక్కయ్యగారి ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో. దొంగలు పడినా, నీళ్లు వచ్చినా ఒకటి మిగులుతుంది.

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, నెలకోసారి తెరవండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అనే వరసల్లో సున్నా కాకుండా ఏదైనా కనిపిస్తే వెంటనే కాపీ తీసుకోండి. అలాగని 'గుడ్' అని ఉంది కదా అని నిశ్చింతగా పడుకోకండి. గూగుల్ 2007లో తన డ్రైవుల మీద చేసిన పరిశీలనలో, చెడిపోయిన వాటిలో సగానికి పైగా ముఖ్యమైన హెచ్చరికలేవీ చూపకుండానే పోయాయి.

టక్ టక్‌మని చప్పుడు వస్తోందా? వెంటనే ఆపేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడొద్దు, ఫ్రిజ్‌లో అసలే పెట్టొద్దు, లోపల తేమ పడుతుంది. అందులో ముఖ్యమైనవి ఉంటే నేరుగా డేటా రికవరీ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఖర్చు వేలల్లో ఉంటుంది, ఎంతవుతుందో ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.