గాలి ఒకే పదార్థమా?



1804 సెప్టెంబరు 16. పారిస్‌లో గేలుసాక్ అనే పాతికేళ్ల రసాయన శాస్త్రవేత్త హైడ్రోజన్ నింపిన బెలూన్‌లో ఒంటరిగా పైకి లేచాడు. దాదాపు ఏడు వేల మీటర్ల ఎత్తుకు వెళ్లాడు. లోపలి గాలి ముందే తీసేసి బిగించిన గాజు బుడ్లు అతని వెంట ఉన్నాయి. గడ్డకట్టే చలిలో వాటిని తెరిచి, అక్కడి గాలి పట్టి, మళ్లీ మూసి కిందికి తెచ్చాడు. పరీక్షించి చూస్తే నేల మీది గాలిలో ఆక్సిజన్ పాలు ఎంతో, ఆ గాలిలోనూ అంతే.

దీనికోసం ప్రాణాలకు తెగించాలా అనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో రసాయన శాస్త్రవేత్తల మధ్య పెద్ద తగువే నడుస్తోంది. గాలి మిశ్రమమా, సంయోగ పదార్థమా?

రెండు వేల ఏళ్ల పాటు గాలి పంచభూతాల్లో ఒకటి. దాన్ని విడగొట్టే ఆలోచనే లేదు. ఆ నమ్మకం 1770లలో చెదిరింది. 1774 ఆగస్టు 1న ఇంగ్లండులో ప్రీస్ట్‌లీ పెద్ద భూతద్దంతో ఎర్రటి పాదరస భస్మం మీద ఎండను కేంద్రీకరించాడు. వెలువడిన వాయువులో కొవ్వొత్తి భగ్గున వెలిగింది. స్వీడన్‌లో షీలే అంతకు ముందే ఆ వాయువును తయారుచేశాడు. అదేమిటో సరిగా అర్థం చేసుకుని ఆక్సిజన్ అని పేరు పెట్టినవాడు లావోయిజే. ఇక కేవెండిష్, 1781లో రోజుల తరబడి లండన్ గాలిని కొలిచి, ఆక్సిజన్ నూటికి 20.83 పాళ్లని తేల్చాడు. నేటి లెక్క 20.95. ఆనాటి పరికరాలతో అంత దగ్గరికి రావడం ఆశ్చర్యమే.

చిక్కంతా ఆక్సిజన్ పాలు ఇలా మారకుండా ఉండడం దగ్గరే వచ్చింది. 1790లలో స్పెయిన్‌లో పనిచేస్తున్న ప్రూస్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, రాగి కార్బొనేటు గనిలో దొరికినా ప్రయోగశాలలో చేసినా అందులో రాగి పాలు మారదని చూపించాడు. సంయోగ పదార్థానికి స్థిరమైన నిష్పత్తి ఉంటుందన్నమాట. మిశ్రమానికి ఆ కట్టుబాటు లేదు. మరి లండన్‌లోనూ, పారిస్‌లోనూ, ఏడు వేల మీటర్ల పైనా ఒకే నిష్పత్తి చూపే గాలిని ఏమనాలి? పైగా ఆక్సిజన్ నైట్రోజన్ కన్నా బరువు. రెండూ విడివిడిగా ఉంటే ఆక్సిజన్ అడుగుకు చేరాలి కదా? చేరడం లేదు కాబట్టి ఏదో రసాయన బంధం ఉండే ఉంటుందని బెర్తొలే వంటి పెద్దలే వాదించారు. తేలిగ్గా కొట్టిపారేయదగ్గ వాదం కాదది.

మాంచెస్టర్‌లో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, ఏళ్ల తరబడి వాతావరణ దినచర్య రాసుకుంటూ వచ్చిన జాన్ డాల్టన్‌కు ఈ మాట నచ్చలేదు. ఒకే పాత్రలో ఉన్న వాయువుల్లో దేని పీడనం దానిదేనని, పక్క వాయువుతో దానికి పని లేదని 1801లో అతను ప్రతిపాదించాడు. ఈ చిక్కుముడి విప్పే ప్రయత్నంలోనే అతను పరమాణువుల బరువుల దాకా వెళ్లాడని చరిత్రకారులు చాలామంది అంటారు.

డాల్టన్ వైపు న్యాయం ఉందనడానికి వంటింట్లోనే సాక్ష్యం దొరుకుతుంది. గిన్నెలో నీళ్లు పొయ్యి మీద పెడితే మరగడానికి చాలా ముందే గిన్నె గోడలకు సన్నని బుడగలు అంటుకుంటాయి. అది నీటిలో కరిగి ఉన్న గాలి. దాన్ని పట్టి కొలిస్తే ఆక్సిజన్ ఐదో వంతు కాదు, దాదాపు మూడో వంతు ఉంటుంది. నైట్రోజన్ కన్నా ఆక్సిజన్ నీటిలో ఎక్కువగా కరుగుతుంది మరి. గాలి సంయోగ పదార్థమే అయితే కరిగినంత మాత్రాన పాళ్లు మారవు. ఆ రెండు వాయువులనూ సీసాలో కలిపినా వేడి పుట్టదు, వచ్చేది మామూలు గాలి లాంటిదే.

తగువు అక్కడితో తీరిందనుకున్నారు. కానీ గాలిలోంచి ఆక్సిజన్ తీసేస్తే మిగిలే నైట్రోజన్ అయినా శుద్ధమేనా? 1785లో కేవెండిష్ దీన్నీ పరీక్షించాడు. గాలికి ఆక్సిజన్ చేర్చి, విద్యుత్ మెరుపులు పంపి, ఏర్పడిన వాయువును క్షారంలో పీల్పించాడు. ఎంత చేసినా చివరికి ఒక చిన్న బుడగ మిగిలింది. మొత్తం నైట్రోజన్‌లో 120వ వంతుకు మించదని రాసి ఊరుకున్నాడు. తర్వాత వందేళ్లు ఎవరూ దాని జోలికి పోలేదు.

1892లో లార్డ్ రేలీ వాయువుల బరువులు తూస్తూ ఒక తేడా గమనించాడు. గాలి నుంచి తీసిన నైట్రోజన్ లీటరు 1.2572 గ్రాములు తూగితే, అమోనియా లాంటి పదార్థాల నుంచి తీసినది 1.2505 గ్రాములే తూగుతోందని చివరికి తేలింది. ఇంకొకరైతే తూకంలో పొరపాటని వదిలేసేవారు. రేలీ ‘నేచర్’ పత్రికకు లేఖ రాసి, కారణం తెలిస్తే చెప్పమని పాఠకులనే అడిగాడు. తర్వాత విలియం రామ్సే, గాలి నైట్రోజన్‌ను ఎర్రగా కాలిన మెగ్నీషియం మీదుగా మళ్లీ మళ్లీ పంపాడు. మిగిలినది దేనితోనూ కలవని కొత్త వాయువు. 1894 ఆగస్టులో ఇద్దరూ దాన్ని లోకానికి ప్రకటించారు. అదే ఆర్గాన్. వంద లీటర్ల గాలిలో దాదాపు ఒక లీటరు అదే ఉంటుంది. అంత ఉన్నా, అందరూ పీలుస్తున్నా, 1894 దాకా దాని ఉనికే తెలియదు! ఆవర్తన పట్టికలో దానికి చోటు కనిపించక మెండలీవ్ కూడా మొదట దాన్ని నైట్రోజన్‌కే మరో రూపమేమో అన్నాడు.

మరుసటి ఏడు ఆర్గాన్ కోసం క్లీవైట్ అనే ఖనిజాన్ని ఆమ్లంతో వేడి చేస్తే, రామ్సేకు మరో వాయువు దొరికింది. వర్ణపటంలో పసుపు గీత. హీలియం! ఆ గీతను 1868లోనే సూర్యకాంతిలో చూసి ఉన్నారు. ఆ ఏడాది ఆగస్టు 18 నాటి గ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి పరిశీలించాడు. హీలియం గుంటూరులోనే బయటపడిందని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు కానీ, లెక్క అంత సూటిగా లేదు. గీత ఆకాశంలో కనిపించినది. వాయువు చేతికందింది లండన్‌లో, అదీ 27 ఏళ్ల తర్వాత.

గాలి మిశ్రమం కాబట్టి దాన్ని విడగొట్టవచ్చు. 1895లో జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే గాలిని పెద్ద ఎత్తున ద్రవంగా మార్చాడు. ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర, ఆర్గాన్ మైనస్ 186 దగ్గర, ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర మరుగుతాయి. ఆ తేడాల ఆధారంగానే నేటికీ వాటిని వేరు చేస్తున్నారు. విశాఖ ఉక్కు కర్మాగారంలోనూ ఇలా గాలిని విడగొట్టే ప్లాంట్లున్నాయి. 2021 ఏప్రిల్‌లో కరోనా రెండో దశ ఉధృతంగా ఉన్నప్పుడు దేశంలోని మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ విశాఖలోనే ద్రవ ఆక్సిజన్ నింపుకుని మహారాష్ట్రకు బయలుదేరింది. రామ్సే అంత కష్టపడి మిగిల్చిన ఆర్గాన్ కూడా ఇప్పుడు ఇలాంటి ప్లాంట్లలోనే తయారై సిలిండర్లలోకి ఎక్కుతోంది. స్టీలు రెయిలింగులు అతికే షాపుల్లో ‘ఆర్గాన్ వెల్డింగ్’ అని బోర్డు మీద రాసేది దాని పేరే.