ప్రతిరక్షకాల గాలింపు

డాక్టరు రాసిన ఇంజెక్షన్ పేరు చివర ‘మాబ్’ అని ఉంటే అందులో ఉన్నది ప్రతిరక్షకమే. చొరబడిన క్రిమిని గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్ అని బడిలో చదువుకున్నామే, అదే. మందుకు పనికొచ్చే ప్రతిరక్షకాన్ని ఎలా వెతుకుతారో ఇవాళ చెబుతాను.

పాముకాటు మందు కోసం గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని రక్తంలోంచి ప్రతిరక్షకాలు తీయడం ఇప్పటికీ ఉంది. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు ఎలుక రక్షణ కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఆగకుండా ఇచ్చే సంకర కణాన్ని పుట్టించారు. గొప్ప పనే. కానీ ఎలుక సరుకును మన ఒళ్లు పరాయిదని తోసేస్తుంది.

దారి చూపింది ఫేజ్ అనే వైరస్. అది మన జోలికి రాదు, బ్యాక్టీరియాకే సోకుతుంది. అమెరికన్ శాస్త్రవేత్త జార్జ్ స్మిత్ 1985లో దాని జన్యువులో వేరే ముక్క అతికిస్తే, ఆ ముక్క తాలూకు ప్రోటీన్ ఫేజ్ ఒంటిమీద మొలిచింది. కిటుకంతా ఇక్కడే ఉంది: పైన కనిపించే ప్రోటీన్‌కి రాత లోపలే దొరుకుతుంది. కాయ చిక్కితే విత్తనం చిక్కినట్టే.

1990లో శాస్త్రవేత్త గ్రెగ్ వింటర్ బృందం ఫేజ్‌ల మీద ప్రతిరక్షకపు ముక్కలనే మొలిపించింది. ఆపైన మనుషుల కణాల జన్యువులతో కోట్ల రకాల ఫేజ్‌లను పోగేశారు. ఇప్పుడైతే ఆ జన్యువులను రసాయనికంగా కూర్చుకుంటున్నారు కూడా. అంత పోగులో కావలసినది దొరికేదెలా? బియ్యం గాలించినట్టే. జబ్బుకు కారణమైన ప్రోటీన్‌ని గిన్నె అడుగున అంటించి, ఫేజ్‌లు కలిపిన నీళ్లు పోసి, కడిగేస్తారు. అతుక్కున్నవాటిని బ్యాక్టీరియాలో పెంచి మళ్లీ పోస్తారు, మళ్లీ కడుగుతారు. ఇలా మూడు నాలుగు సార్లు. గాలించడమంటే మనకు కడిగి వేరుచేయడమూ, వెతకడమూ. ఇక్కడ రెండూ ఒకటే పని. కాకపోతే వంటింట్లో అడుగున మిగిలిన రాళ్లు పారేస్తాం, ఇక్కడ అడుగున మిగిలిందే కావాలి.

కీళ్లవాతానికి వాడే అడలిముమాబ్ ఈ గాలింపులో దొరికిందే. 2002లో అమెరికాలో అనుమతి వచ్చింది. స్మిత్, వింటర్‌లకు 2018లో రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది.

ఇక తయారీ. పూర్తి ప్రతిరక్షకాన్ని, దాని మీది చక్కెర అతుకులతో సహా, తీర్చిదిద్దడం మామూలు బ్యాక్టీరియా వల్ల కాదు. అందుకు హ్యామ్‌స్టర్ అనే చుంచులాంటి జంతువు అండాశయ కణాలను స్టీలు ట్యాంకుల్లో పెంచుతారు. మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ అనే మందును విడుదల చేసింది. అది రిటుక్సిమాబ్ అనే ప్రతిరక్షకాన్ని పోలిన మందు, గాలింపులో దొరికింది కాదు, కొంత భాగం ఎలుకదే. అయినా కణాల్లో పండించిన ప్రతిరక్షకమే. ఆ హ్యామ్‌స్టర్ కణాలను తొలిసారి ప్రయోగశాలలో పెంచింది 1957లో. వాటి సంతతి ఇవాళ్టికీ దేశదేశాల ట్యాంకుల్లో చీలుతూనే ఉంది.