ఓడ ప్రయాణంలో పండుగ బట్టలు

(విశ్వావసు నామ సంవత్సర ఉగాది సందర్భంగా మన సంఘం జరిపిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయిన తరువాత ఈ వేదిక మీద మాట్లాడేవారు సాధారణంగా పండితులు. నేను మెట్రిక్ వరకే చదివి రైల్వే ఆఫీసులో గుమాస్తాగిరీ చేసుకునేవాణ్ణి. గత నవంబరులో మా కుటుంబం ముంబయి నుంచి గోవాకు ఓడలో విహారయాత్ర చేసి వచ్చింది. దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ఓడ ఎంత పెద్దది, అందులో ఏమేమి వినోదాలున్నాయి అన్న సంగతి ఈ రోజుల్లో ఫోనులోనే అందరూ చూస్తున్నారు. మేము తిరిగి వచ్చిన తరువాత చాలామంది నన్ను అడిగిన ప్రశ్న వేరు. "అక్కడ రాత్రిపూట భోజనానికి ప్రత్యేకంగా అలంకరించుకుని పోవాలట గదా! మీరేం కట్టుకున్నారు?" అని. చిన్న ప్రశ్నే. కాని మా యింట్లో దాని మీద పదిహేను రోజులు చర్చ జరిగింది. అందువల్ల ఈ విషయమే ఎన్నుకున్నాను.

ముందుగా ఆచారం సంగతి చెబుతాను. విహార నౌకల్లో ఒకటో రెండో రాత్రులు ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తారు. ఒక రాత్రి దొరల విందు వంటిది. మగవారు సూటు, టై, ఆడవారు పొడుగు గౌను ధరించడం ఆనవాయితీ. ఇంకొక రాత్రి అందరూ తెల్లబట్టలు వేసుకు రావాలంటారు. మరొక రాత్రి పాత సినిమాల వేషాలంటారు. ఏ రాత్రి ఏ వేషమో తెలుపుతూ ప్రయాణానికి ముందే ఒక కాగితం పంపుతారు. మన రైల్వే రిజర్వేషను ఫారంలో పేరు, వయస్సు, బెర్తు అడుగుతారే గాని ఏ బట్ట కట్టుకు వస్తావని ఎవరూ అడగరు. అందుచేత ఆ కాగితం చూడగానే మనవంటివారికి కొంచెం జంకు పుడుతుంది.

ఈ ఆచారం ఆవిరి ఓడల కాలంలో వెనుకటి తెల్లదొరల ఫస్టు క్లాసు నుంచి వచ్చింది. ఇంగ్లండు నుంచి ఇండియాకు వచ్చే ఓడల్లో ఫస్టు క్లాసు ప్రయాణీకులు రాత్రి భోజనానికి తప్పనిసరిగా దుస్తులు మార్చుకునేవారు. ఎఱ్ఱసముద్రంలో ఉక్క భరించలేక దొరలు పైకోటు విడిచి, చొక్కా మీద నడుముకు ఒక పట్టీ చుట్టుకుని విందుకు కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ వేషానికి ఎఱ్ఱసముద్రం పేరే స్థిరపడింది. ఆ నడుము పట్టీని వారు కమ్మర్‌బండ్ అంటారు. అది మన దేశంలో వాడుకలో ఉన్న కమర్‌బంద్ అనే పారశీక పదమే. అంటే దొరల విందు దుస్తుల్లో కూడా మన నడికట్టు ఒకటి దూరి కూర్చున్నదన్నమాట!

అదే కాలంలో మనవాళ్ళు కూడా ఓడలెక్కారు. ఈ సభలో కోస్తా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలున్నవి. వారి తాత ముత్తాతల్లో రంగం పోనివారుండే ఊళ్ళు తక్కువ. విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఓడ ఎక్కి, పైన డెక్కు మీద చాప పరచుకుని, ఎండకూ వానకూ ఓర్చి రంగూను రేవులో దిగేవారు. బర్మాలో తెలుగు కూలీలకు కోరంగీలనే పేరు వచ్చింది మన కోరంగి రేవు వల్లనే. వారిని రాత్రి విందుకు ఏమి కట్టుకు వస్తావని అడిగినవారు లేరు. అటువంటి వారి మనుమలకు ఈనాడు ఆ ప్రశ్న ఎదురుకావడం ఒక విధంగా సంతోషించవలసిన విషయమే. 2021 సెప్టెంబరులో ముంబయి నుంచి మన దేశపు ప్రయాణీకుల కోసం విహార నౌక బయలుదేరినప్పుడు, దాని టికెట్లు అమ్మిన సంస్థల్లో మన రైల్వేవారి టూరిజం సంస్థ కూడా ఉన్నది. ఇక ఇది జమీందార్లకే పరిమితమైన వ్యవహారం కాదు.

ఓడ మీద బట్టల చిక్కు మహాత్మా గాంధీగారికి కూడా తప్పలేదు. 1888 సెప్టెంబరు 4వ తేదీన బొంబాయిలో ఓడ ఎక్కినప్పుడు ఆయనకు ఇంకా పందొమ్మిదేళ్ళు నిండలేదు. ఓడలో నల్లసూటు వేసుకుని, మిత్రులు ఇచ్చిన తెల్ల ఫ్లానెలు సూటును దిగే రోజు కోసం దాచుకున్నారు. తీరా దిగి చూస్తే సెప్టెంబరు నెలాఖరు చలిలో తెల్లసూటు వేసుకున్నవాడు తానొక్కడే! సామాను వెనుక రావలసి ఉన్నందున మార్చుకునే వీలు కూడా లేకపోయింది. ఆ సిగ్గును ఆత్మకథలో స్వయంగా వ్రాసుకున్నారు. అదే గాంధీగారు 43 సంవత్సరాల తరువాత, 1931లో, రౌండు టేబిలు సభకు రాజపుతానా అనే ఓడలో వెళ్ళారు. ఆ నవంబరులో చక్రవర్తి ఐదవ జార్జి పిలిచిన విందుకు బకింగ్‌హామ్ ప్యాలెసుకు అదే కొల్లాయి, శాలువాతో వెళ్ళారు. మొదటిసారి ఇతరులు ఏమనుకుంటారో అని బట్ట కట్టుకున్నారు. రెండవసారి తాను ఎవరో తెలిసి కట్టుకున్నారు. మనం గాంధీగారంతటివారం కాకపోయినా ఈ భేదం గ్రహించవచ్చు.

ఇక మా యింటి సంగతి. పుణేలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు ఈ ప్రయాణం ఏర్పాటు చేశాడు. అమ్మ, మేము నలుగురం, తమ్ముడూ మరదలూ, మొత్తం ఏడుగురం. మూడు రాత్రులు. కాగితం ప్రకారం మొదటి రాత్రి మామూలు బట్టలు, రెండవ రాత్రి తెల్లబట్టలు, మూడవ రాత్రి విందు దుస్తులు.

విందు రాత్రికి సూటు అద్దెకు తెద్దామన్నాడు తమ్ముడు. నా పెళ్ళినాటి సూటు బీరువాలో ఉన్నది గాని దాని గుండీలకూ కాజాలకూ మధ్య ఇప్పుడు చాలా దూరం ఏర్పడింది. కొత్తది కుట్టించాలంటే పిల్లల స్కూలు ఫీజు గుర్తుకు వచ్చింది. అప్పుడు ఆఫీసులో తీరిక చూసుకుని పెద్ద పెద్ద ఓడ కంపెనీల నియమాలు ఫోనులో చదివాను. క్యూనార్డ్ కంపెనీ వారిది అన్నింటికన్న పాత పద్ధతి. వారి క్వీన్ మేరీ 2 వంటి ఓడల్లో విందు రాత్రులు సాయంత్రం ఆరు దాటితే మగవారు నల్లకోటో, ముదురు రంగు సూటో ధరించాలి. అయినా ఎవరి దేశపు మర్యాద దుస్తులు వారు ధరించవచ్చునని వారే వ్రాశారు. స్కాట్లండువారు గళ్ళ లంగా కట్టుకుని వస్తారు. నార్వీజియన్ కంపెనీ వారు 2000 ప్రాంతం నుంచే విందు దుస్తుల నిర్బంధం తీసివేశారు. మా ఓడవారి కాగితంలో కూడా "భారతీయ దుస్తులు ధరించవచ్చును" అని స్పష్టంగానే ఉన్నది. కాగితం పూర్తిగా చదవడం గుమాస్తాకు అలవాటు గదా! అంచు పంచె, పట్టు లాల్చీ, ఉత్తరీయం చాలునని నిశ్చయించాను. తమ్ముడు తన సూటే వేసుకున్నాడు; అది అతని ఇష్టం. ఇద్దరం ఒకే బల్ల దగ్గర భోజనం చేశాం. వడ్డించేవాడు ఇద్దరికీ ఒకే విధంగా వంగి నమస్కారం పెట్టాడు.

అసలు చిక్కు రెండవ రాత్రిది. దీన్ని చెప్పడానికి అమ్మ అనుమతి తీసుకున్నాను.

తెల్లబట్టలనగానే పిల్లలకు సంబరం. నా భార్య మాత్రం, "ముత్తయిదువను, ఉత్త తెల్లచీర ఎట్లా కట్టుకోను?" అన్నది. గద్వాల చీర ఒకటి ఉన్నది: మీగడ రంగు నూలు, దానికి అతికిన కుంకుమ రంగు పట్టంచు, పట్టుకొంగు. అది సరిపోతుందని తేలింది. అప్పుడు మా అమ్మాయి కాగితం మీద ఒక్కొక్కరి పేరు ఎదుట వారి బట్టలు వ్రాస్తూ, "నాయనమ్మకు ఏమీ కొననక్కరలేదు, నాయనమ్మవి అన్నీ తెల్లవే" అన్నది. పిల్ల అమాయకంగానే అన్నది. కాని పెద్దవాళ్ళం ఎవరమూ కాసేపు మాట్లాడలేదు.

మా నాన్నగారు పోయి పన్నెండేళ్ళయింది. అప్పటి నుంచి అమ్మ తెల్లనివో, వెలిసినట్లుండే లేత రంగువో తప్ప కట్టలేదు. కట్టకూడదని మేము ఎన్నడూ అనలేదు. కట్టుకొమ్మని కూడా ఎన్నడూ అనలేదు. అమ్మే నెమ్మదిగా అన్నది: "మీకందరికీ అది ఒక్క రాత్రి సంబరం బిడ్డా. నాకు రోజూ ఉన్నదే. ఆ రాత్రి నేను రంగుచీర కట్టుకుంటే ఓడవాళ్ళు కోపం చేస్తరా?"

నా భార్య వెంటనే, "ఎవరూ కోపం చేయరు అత్తమ్మా, కట్టుకోండి" అన్నది. పెట్టె అడుగు నుంచి ఒక నారాయణపేట చీర బయటికి వచ్చింది. నీలిగళ్ళు, వెడల్పాటి ఎఱ్ఱంచు. పూర్వం మార్కండేయస్వామి రథోత్సవానికి అమ్మ కట్టుకునే చీర అది. మడతల దగ్గర దారం సడలిందేమో చూచి, వెలుతురులో ఆరవేసి పెట్టెలో పెట్టారు.

ఆ రాత్రి ఓడలో వందలమంది తెల్లబట్టల మధ్య అమ్మ ఒక్కతే నీలిచీరలో కూర్చున్నది. ఎవరూ ఏమీ అనలేదు. పక్క బల్ల దగ్గరి మరాఠీ ఆమె ఒకరు లేచి వచ్చి, అంచు పట్టుకుని చూచి, ఎక్కడి నేత అని అడిగారు. మా షోలాపూరు నేతవాళ్ళ ఇళ్ళలో ఆడవారు కండెలు చుట్టి పెరిగినవారు. అమ్మకు మాట దొరికింది. గళ్ళు ఎట్లా వస్తాయో, అంచుకు పోగులు ఎట్లా తోడతారో ఆమెకు మరాఠీలో వివరించి చెబుతూ ఉంటే భోజనం చల్లారిపోయింది. పన్నెండేళ్ళలో అమ్మ కొత్తవారితో అంతసేపు మాట్లాడడం నేను చూడలేదు.

అందువల్ల నేను మీకు మనవి చేసేది ఒకటే. ఇటువంటి ప్రయాణానికి బట్టలు నిర్ణయించేటప్పుడు ఓడవారి కాగితం ఒకసారి చదవండి. ఇంట్లోవారిని మాత్రం ఒక్కొక్కరినీ విడిగా అడగండి. పిల్లలు అడగకుండానే చెబుతారు. సంపాదించేవాడు తనకు కావలసింది కొనుక్కుంటాడు. ఏమీ అడగని మనిషి ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వారి పేరు ఎదుట "ఏమీ అక్కరలేదు" అని మనమే వ్రాసివేస్తాం. అట్లా వ్రాయకండి.

ఇక పోయేవారికి పనికివచ్చే సంగతులు కొన్ని.

మొదటిది: ఓడ గదుల్లో ఇస్త్రీపెట్టె వాడనివ్వరు. నిప్పు భయం వల్ల చాలా కంపెనీల్లో ఇదే నియమం. గంజిపెట్టిన నూలుబట్టలు సముద్రపు తేమకు మెత్తబడి నలిగిపోతాయి. పట్టు, లేక నలగని నేత మంచిది. జరీచీరలకు ఉప్పుగాలి తగలకుండా పాత నూలుగుడ్డలో చుట్టండి.

రెండవది: డెక్కు మీద గాలి జోరుగా ఉంటుంది. పంచె కట్టేవారు నడుముకు బెల్టు పెట్టుకోవాలి. ఉత్తరీయానికి ఒక పిన్ను గుచ్చాలి. చీరకొంగుకూ అంతే. మెట్లు ఇరుకు, కొన్నిచోట్ల నేల తడి. ఎత్తు మడమల చెప్పులు ఇంట్లోనే వదలండి.

మూడవది: భోజనశాలలో ఏ.సి. చలి ఎక్కువ. పెద్దలకు శాలువా, పసిపిల్లలకు స్వెట్టరు తప్పనిసరి.

నాలుగవది: గది చిన్నది, బీరువా మరీ చిన్నది. మనిషికి ఒక్క మంచి జత చాలు. అది పెళ్ళికో పండుగకో మళ్ళీ పనికివచ్చేదిగా ఉండాలి. ఒక్క రాత్రి కోసం కొన్న బట్ట అప్పు వంటిది. ఇంటికి వచ్చాక బీరువాలో నుంచి మన వంక చూస్తూ ఉంటుంది.

అయిదవది: అలంకరించుకోవడం ఇష్టం లేనివారికి నిర్బంధం లేదు. తామే వడ్డించుకు తినే హాలు ఒకటి చాలా ఓడల్లో వేరుగా ఉంటుంది. శుభ్రమైన మామూలు బట్టల్లో అక్కడ తినవచ్చు. పొట్టి లాగులు, బనియన్లు మాత్రం రాత్రిపూట పెద్ద భోజనశాలలోకి సాధారణంగా రానివ్వరు. అది న్యాయమే. మన ఇళ్ళలో పెళ్ళి పంక్తికి బనియనుతో కూర్చుంటే పెద్దలు ఊరుకుంటారా?

మనం తాతల నాడు ఈ ఊరికి వచ్చాం. బయట మరాఠీ మాట్లాడుతాం, ఇంట్లో తెలుగు మాట్లాడుతాం. ఈ రోజే ఇరుగు పొరుగువారు గుడి ఎత్తి పాడ్వా చేసుకుంటే మనం ఉగాది పచ్చడి తింటాం. వారి శ్రీఖండ్ కూడా వదలం. నలుగురిలో కలవడమూ మనకు తెలుసు, మనంగా ఉండడమూ తెలుసు. ఓడ మీద కూడా అంతకంటే వేరే విద్య ఏమీ అక్కరలేదు.

ఈ ఉగాదికి మా అమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని మూడవ వరుసలో కూర్చున్నది. అందరూ ఆమె వైపు తిరిగి చూస్తే ఇంటికి పోయాక నాకు చీవాట్లు తప్పవు. కనుక ఇంతటితో ముగిస్తున్నాను.