అరిగిన గేర్లు, పాత క్రాలరు ట్రాక్టరు



చక్రములకు బదులు ఇనుప పట్టాలపై ప్రాకుచు పోవు క్రాలరు ట్రాక్టరు మన దేశమునకు క్రొత్తది కాదు. స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో కేంద్ర ట్రాక్టరు సంస్థ మధ్య భారతమున రెల్లుగడ్డి ఆక్రమించిన నేలలను ఈ జాతి యంత్రములతోనే దున్నించినది. ఆ పనికి కావలసిన యంత్రములకై 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్ల ఋణ మిచ్చినది.

నేడు నేను చెప్పదలచినది ఆ జాతిలో చిన్నదైన క్యాటర్‌పిల్లరు డి-2ను గూర్చి. 1938 నుండి 1957 వరకు అమెరికాలో తయారైన ఈ బండి అచ్చటను, బ్రిటను, ఆస్ట్రేలియా దేశములలోను పాత యంత్రములపై మక్కువ గలవారి కొట్టములలో ఇప్పటికిని ఉన్నది. దీని ఇంజనును బాగుచేయుటను గూర్చి మాటలాడువారు పెక్కురు. ఇంజను శక్తిని పట్టాలకు చేర్చు గేర్ల మాట ఎత్తువారు తక్కువ. ప్రాణములకు ముప్పు తెచ్చునవి మాత్రము ఆ గేర్లే.

కారులో వలె దీనికి తిప్పు చక్రము లేదు. ఇంజను వెనుక పెద్ద క్లచ్చి, దాని వెనుక ముందుకు ఐదు, వెనుకకు ఒకటి వేగములు గల గేరు పెట్టె, ఆ పిదప శక్తిని ప్రక్కలకు మళ్లించు బెవెలు గేర్లు ఉండును. అటుపై కుడి ఎడమలకు చెరియొక క్లచ్చి, తుది గేర్లు, పట్టాను లాగు స్ప్రాకెట్టు. కుడిచేతి మీట లాగినచో కుడి పట్టాకు శక్తి తెగును, బండి కుడికి తిరుగును. వాలు దిగునప్పుడు మాత్రము ఇది తారుమారగును. అప్పుడు బండిని వెనుకకు పట్టి ఉంచునది ఇంజనే. మీట లాగిన ప్రక్క పట్టాకు ఆ పట్టు తప్పి, అది ముందుకు దొర్లి, బండి ఎదుటి దిక్కునకు తిరుగును. క్రొత్తగా నడుపువారు ఇక్కడనే తికమకపడుదురు.

అట్టి వాలులో గేరు తనంత తానుగా జారిపోయిన నేమగును? రెండు పట్టాలకును ఇంజను పట్టు ఒక్కసారిగా తప్పును. మూడు టన్నులకు మించిన ఇనుము క్రిందికి పరుగిడును. మిగులునవి బ్రేకులు మాత్రమే, అవియు ఆ బండి వయసువే.

గేరు జారుచున్నదనగానే దంతము లరిగినవి, మార్చుడని చెప్పువారు కలరు. అది సగము నిజము. దంతముల కొనలు గుండ్రబడుట తరచు ఫలితమే గాని మూలము కాదు. బేరింగు అరిగి షాఫ్టు వంపుగా తిరుగుట, గేరును నెట్టు ఫోర్కు పలుచబడి దానిని పూర్తిగా లోపలికి పంపకుండుట, చువ్వను నిలుపు స్ప్రింగు సడలుట, వీనిలో ఏదో ఒకటి వెనుక నుండును. దానిని విడిచి గేరును మాత్రమే మార్చినచో క్రొత్త గేరు కూడ అదే దారి పట్టును.

కావున విప్పుటకు ముందు నూనె తీసి చూడవలెను. నీరు నూనెకంటె బరువైనది గనుక ముందుగా అదే కారును. ఏండ్ల తరబడి బయట నిలిచిన బండికి గేరు మీట మొదట చిరిగిన తొడుగు గుండా వాన నీరు దిగి, అడుగున నిలిచి, ఆ నీట మునిగిన దంతములను త్రుప్పుతో గుంటలు చేయును. నూనెలో సన్నని మెరుపు కనిపించిన అది సాధారణపు అరుగుదల. పెళుసు పెచ్చులు దొరికిన ఏదో విరిగినదన్నమాట.

ఇక వెల్డింగు సంగతి. గేరు దంతమునకు పైపొర మాత్రమే మిక్కిలి గట్టిదిగా కాల్చి చేయబడి ఉండును, లోపలి ఉక్కు మెత్తన. దానిపై లోహము కరగించి పోసినచో ఆ వేడికి గట్టితనము చెడును, పగుళ్లకు చోటు కలుగును. ఫోర్కు ముఖమును కంచుతో నింపి ఆకురాయితో సరిచేయవచ్చును. సీలు ఒరసిన షాఫ్టుకు సన్నని తొడుగు వేయవచ్చును. దంతమును మాత్రము అతుకరాదు. చచ్చిన మరొక బండి పెట్టెనుండి మంచి గేరు తెచ్చుట మేలని నా అభిప్రాయము.

బెవెలు గేర్ల విషయమున మరొక జాగ్రత్త కావలెను. కలిసి అరిగిన జతను క్రొత్త గేర్ల కొలతలకు దగ్గరకు బిగించినచో, అరుగని అంచులు ఒకదాని నొకటి పొడుచుకొని అరచును, త్వరలో విరుగును. బేరింగులు మార్చినను ఆ జతను పాత స్థానముననే నిలుపవలెను. విప్పుటకు మునుపే డయలు గేజితో సందు కొలిచి వ్రాసుకొననిచో ఆ స్థానము మరల దొరకదు.

తుది గేర్లకు మాత్రము ఒక వెసులుబాటు కలదు. బండి బ్రతుకంతయు ముందుకే లాగును గనుక దంతములు ఒక వైపే అరుగును. కుడి జతను ఎడమకు, ఎడమ జతను కుడికి మార్చిన అరుగని ముఖము పనిలోనికి వచ్చును. ఇందుకు స్ప్రాకెట్టును ఊడదీయవలెను. అది పదుల టన్నుల ఒత్తిడికి గాని కదలదు, కదలినప్పుడు తుపాకి ప్రేలినట్లు ఎగురును. నట్టును పూర్తిగా తీయక, కొన్ని మరలు మిగిల్చి, ఎదుట ఎవరును నిలువకుండ లాగవలెను.

అన్నియు బిగించిన పిదప చదునైన నేలపై బరువు లాగించి ఒక్కొక్క గేరును పరీక్షింపుడు. కొన్ని గంటల పని తరువాత నూనెను మరల తీసి చూడుడు. అందు పెచ్చులు లేకున్న, అప్పుడు వాలు నేలకు తీసికొని పోవచ్చును.